గాలివాన పది ఇళ్లకూ ఒకే రాత్రి వస్తే

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగం)

జమాఖర్చులు విన్నారు, రికవరీ లెక్కలు విన్నారు. ఆడిట్ కాగితాలు ఈ పుస్తకంలోనే ఉన్నాయి, ఇంటికి తీసుకుపోయి తీరిగ్గా చూసుకోండి. మాకిచ్చిన ఈ కాసేపట్లో మేము ఒక్క సంగతే మాట్లాడదలచుకున్నాం. దాని మీదే ఈ సాయంత్రం తీర్మానం కూడా ఉంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. సముద్రం మనకు దూరమే. అయినా ఆ వాన మన చేలదాకా వచ్చింది. విచ్చిన పత్తి చెట్టు మీదే తడిసింది. ఆ తర్వాత జరిగిన గ్రామ సంఘాల సమావేశాల్లో రెండు రకాల మాటలు వినపడ్డాయి. ఒకటి: "పొదుపు చేసుకున్న ఆడోళ్లం, ఒకళ్ల ముందు చెయ్యి చాచేదేంది? మన కష్టం మనం పడదాం." రెండోది: "వాన దేవుడిది, డబ్బు గవర్నమెంటుది, మధ్యలో మన చేతిలో ఏముందక్కా? ఇస్తే తీసుకుందాం."

మొదటి మాట అన్నవాళ్లంటే మాకు గౌరవం. ఆ రోషం లేకపోతే ఈ సంఘాలు ఇన్నేళ్లు నిలబడేవి కావు. కానీ కాగితం మీద లెక్క వేసి చూస్తే ఆ మాట నిలవడం లేదు. చూడండి. ఒక సంఘంలో పదిమంది. నెలకు మనిషికి రెండు వందల చొప్పున పొదుపు. నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు. పదిమందీ తలా ఒక ఎకరం మిరప వేశారనుకోండి. నారు, దుక్కి, మందులు, కూలీలు, కౌలు అన్నీ కలిపి ఎకరానికి లక్షన్నర అనుకుంటే, అది తక్కువేనని మీరంటారు, పదిమందికీ పదిహేను లక్షలు. ఒక్క రాత్రి వానకు అది పోతే, ఆ సంఘం పొదుపుతో పూడ్చుకోవడానికి అరవై ఏళ్లు దాటుతుంది.

సంఘంలో అప్పు ఎట్లా తిరుగుతుందో మీకు మేము చెప్పేదేముంది. ఒకరింట్లో జబ్బు, ఒకరింట్లో పెళ్లి, ఒకరికి గేదె కావాలి. ఈ నెల ఒకరికి అవసరం, మిగతా తొమ్మిదిమంది చేతిలో ఉంటుంది. తొమ్మిదిమంది ఒకరిని మోస్తారు. ఇదే మన బలం. తుఫాను వచ్చినప్పుడు ఈ బలమే పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే పదిమందీ ఒకే రాత్రి పడిపోతారు. ఎవరిని ఎవరు మొయ్యాల? పక్క సంఘమూ అంతే, పక్క ఊరూ అంతే. అప్పుడు మొయ్యాల్సింది వాన పడని చోట ఉన్నవాళ్లు. అంటే రాష్ట్రం, దేశం. సర్కారు సాయమంటే అర్థం ఇదే. మనం కొనే సబ్బుబిళ్ల మీద, వంటనూనె ప్యాకెట్టు మీద కట్టే పన్ను ఎక్కడో వరదొచ్చినప్పుడు అక్కడికి పోతుంది, మనకు వచ్చినప్పుడు ఇటు వస్తుంది. పది ఊళ్లు కాక దేశమంతా ఒక సంఘం అనుకోండి, మనమూ అందులో కిస్తు తప్పని సభ్యులమే.

2023 సంవత్సరం గుర్తు చేసుకోండి. ఆ ఏడు కృష్ణకు నీళ్లు రాలేదు, సాగర్ నిండలేదు. బోర్లున్నవాళ్లు బోర్లతో, లేనివాళ్లు ట్యాంకర్లతో మిరప తోటలు బతికించుకున్నారు. మోటార్లు కాలినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అట్లా కాపాడుకున్న పైరు మీద డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటి కురిసింది. నీళ్లు లేక సగం, నీళ్లెక్కువై సగం. కాయ తాలు పోయింది. ఆ మనిషితో "నీ జాగ్రత్త నువ్వు చూసుకోవాల్సింది" అని ఎవరనగలరు? ఆమె జాగ్రత్త పడింది. నాలుగు నెలలు పడింది.

ఈ మధ్య చదువుకున్నవాళ్ల నోట ఇంకో మాట కూడా వస్తున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల మునిగినప్పుడు టీవీల్లో విన్నాం: వాగు దారిలో ఇళ్లు కట్టుకుంటే మునగక ఏమవుతుంది, వాళ్ల తప్పే కదా అని. మన ఊళ్లలోనూ చంద్రవంక ఒడ్డున, నాగులేరు ఒడ్డున ఉన్నవాళ్లను ఇట్లాగే అంటారు. మేము అడిగేది ఒకటే. ఆ స్థలం ప్లాట్లుగా కోసి అమ్మింది ఎవరు? ఇంటిపన్ను వేసింది, కరెంటు మీటరు పెట్టింది ఎవరు? మెరక మీద సెంటు లక్షలు పలుకుతుంటే, పల్లంలో చవగ్గా దొరికిన చోట పేదవాడు కాక షావుకారు కట్టుకుంటాడా ఇల్లు? ఎంచుకునే దారి ఉన్నవాడికే తప్పు అంటగట్టాల. దారి లేనివాడికి అంటగడితే అది న్యాయం కాదు, తప్పించుకోవడం.

అట్లాగని మన వంతు ఏమీ లేదని మేము అనడం లేదు. చప్టా మీద నీళ్లు పారుతుంటే బండి మీద దాటబోయి కొట్టుకుపోయేది, ఉరుముతున్నా ఇంకో రెండు సాళ్లు అయిపోతాయిలే అని చేలోనే ఉండేది, చెట్టు కింద చేరేది, వీటికి సర్కారు ఏం చేస్తుంది? పిడుగు హెచ్చరికలు విపత్తుల సంస్థ నుంచి ఫోనుకు వస్తున్నాయి. వచ్చిన మెసేజీ చదవకుండా తీసేస్తే అది మన తప్పే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే పదివేలమంది దాకా పోయారు. అప్పుడు వాళ్లను కదిలించినవాళ్లు లేరు, కదలమని నమ్మకంగా చెప్పినవాళ్లూ లేరు. ఇప్పుడు తుఫాను తీరం దాటే రోజు ముందే బస్సులు పెట్టి శిబిరాలకు తీసుకుపోతున్నారు. హెచ్చరిక వాళ్ల పని, లేచి కదలడం మన పని. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ప్రాణాలు పోతాయి.

సర్కారు ఏమీ చేయకుండా, జనం తమ బాధ్యత తామే మోసిన కాలం మన గడ్డ మీద ఒకటుంది. 1832-33, నందన నామ సంవత్సరం. కుంఫిణీ వాళ్ల రాజ్యం. అప్పటి గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభా ఉంటే లక్షన్నర నుంచి రెండు లక్షలమంది ఆకలికి, రోగాలకు పోయారని అంచనా. నందన కరువు అన్నారు, డొక్కల కరువు అన్నారు. వాళ్లేమీ సోమరిపోతులు కాదు. మన ముత్తాతల ముత్తాతలు. పొదుపు చేయడానికి గాదెల్లో గింజలు లేవు, అడగడానికి సర్కారు తమది కాదు. ఆ చావుల తర్వాతే బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టాలన్న మాటకు బలం వచ్చింది, 1855కు అది పూర్తయింది. అది కూడా డెల్టాకే. మన మెట్టకు నీళ్లు రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు సాగర్‌కు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద ఇప్పుడు పండే ప్రతి గింజలో ప్రజల సొమ్ము ఉంది. దాన్ని సాయం అని ఎవరూ అనరు, హక్కు అంటారు. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు అక్కలు వరికపూడిశెల ఎత్తిపోతల కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నారు. వాళ్లు అడిగేదీ దానం కాదు.

సరే, హక్కు అన్నాం. ఆ హక్కు ఎంత? ఇది మనలో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి.

2005లో విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. ప్రతి రాష్ట్రానికీ ఒక విపత్తు సహాయ నిధి ఉంటుంది. అందులో మనలాంటి రాష్ట్రానికి నూటికి డెబ్బై ఐదు కేంద్రం, ఇరవై ఐదు రాష్ట్రం వేస్తాయి. దాని నుంచి దేనికి ఎంత ఇవ్వాలో కేంద్రం నిబంధనలు రాసిపెట్టింది. 2022 నుంచి 2026 దాకా ఉన్న నిబంధనల ప్రకారం మనిషి చనిపోతే కుటుంబానికి నాలుగు లక్షలు. పక్కా ఇల్లు పూర్తిగా కూలితే మైదాన ప్రాంతంలో లక్షా ఇరవై వేలు. పాలిచ్చే గేదె, ఆవు పోతే 37,500, మేకకు, గొర్రెకు నాలుగు వేలు. పంట మూడో వంతు, అంటే 33 శాతం, ఆ పైన పోతేనే లెక్కలోకి వస్తుంది. 2015కు ముందు సగం పోవాల్సి ఉండేది. నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000, వర్షాధారానికి 8,500, అదీ రెండు హెక్టార్లకు మించకుండా.

హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఎకరాలోకి మార్చండి. తడి భూమికి ఏడు వేల లోపు, మెట్టకు మూడున్నర వేల లోపు. లక్షన్నర పెట్టిన చోట ఏడు వేలు! రాష్ట్రం తన చేతినుంచి కలిపి పెంచవచ్చు, పెంచిన సందర్భాలూ ఉన్నాయి. 2024 వరదలప్పుడు వరికి ఎకరాకు పదివేలు ప్రకటించారు, విజయవాడలో కింది అంతస్తు మునిగిన ఇంటికి పాతిక వేలు ఇచ్చారు. ఆ పాతిక వేలు చూసి మన ఊళ్లలో కొంతమంది కడుపు మండించుకున్నారు. ఎందుకు? ఫ్రిజ్జు, మంచం, బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదలో పోయిన ఇంటికి పాతిక వేలు ఎక్కువేం కాదు. మనకు తక్కువ ఇస్తే మనకు పెంచమని అడుగుదాం, పక్కవాళ్లకు తగ్గించమని కాదు.

ఈ డబ్బు తీసుకుని జనం సోమరులవుతారని భయపడేవాళ్లు ఈ లెక్క చూడాలి. లక్షన్నర పోగొట్టుకుని ఏడు వేలు తీసుకోవడానికి ఎవరూ పంట ముంచుకోరు.

ఇప్పుడు అసలు బాధ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పూజారి కాగితం. ఈ-పంటలో పేరు లేకపోతే పంట లేనట్టే. చేలో మోకాలెత్తు నీళ్లు నిలబడి ఉన్నా, కంప్యూటర్‌లో ఆ సర్వే నంబరు ఖాళీగా ఉంటే రాసుకునేవాడు కూడా ఏమీ చేయలేడు. పల్నాడులో మిరప, పత్తి సగానికి సగం కౌలు మీదే నడుస్తుందని మనందరికీ తెలుసు. నోటి మాట కౌలు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలలకు కార్డు ఇస్తారు, కానీ దానికి భూమి గలాయన సంతకం కావాలి. ఆయన పెట్టడు, భూమి పోతుందేమోనని భయం. ఆ చట్టంలో భూమి మీద హక్కేమీ రాదని స్పష్టంగా ఉన్నా నమ్మడు. అప్పుడు ఏమవుతుంది? పెట్టుబడి పెట్టింది ఒకరు, అప్పు తెచ్చింది ఒకరు, నష్టపరిహారం పడేది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న భూమి గలాయన ఖాతాలో. మా గ్రామ సంఘాల్లో ఒకచోట ఇట్లాగే జరిగింది. భర్త పోయి రెండెకరాలు కౌలుకు చేస్తున్న మన సభ్యురాలికి పైసా రాలేదు. భూమి గలాయన మంచివాడు కాబట్టి వచ్చిన డబ్బులో సగం తెచ్చి ఇచ్చాడు. మంచివాడు కాకపోతే? మనిషి మంచితనం మీద నడిచేది హక్కు కాదు కదా.

ఆడవాళ్లకు ఇది ఇంకో మెలిక. చాకిరీ మనది, పాసు పుస్తకం మగవాళ్లది. ఈ-పంటలో వేలిముద్ర ఆయనది, బ్యాంకు ఖాతా ఆయనది. వచ్చిన డబ్బు ఎటు పోతుందో కొన్ని ఇళ్లలో మనకు బాగానే తెలుసు, ఇక్కడ చెప్పుకోవద్దులే. కౌలు కార్డు భార్య పేరు మీద రాయించుకోవడానికి అడ్డు లేదు. ఈ సారి కనీసం ఒంటరి మహిళలు, భర్త పోయినవాళ్లు అయినా తమ పేరు మీదే రాయించుకోవాలని మా కోరిక.

బీమా సంగతి. 2024-25 రబీ నుంచి మన రాష్ట్రంలో పంటల బీమాకు మళ్లీ రైతు తన వాటా కట్టాలి. ఫసల్ బీమాలో ఖరీఫ్ ఆహార పంటలకు, నూనెగింజలకు బీమా మొత్తంలో నూటికి రెండు, రబీకి ఒకటిన్నర, వాణిజ్య, ఉద్యాన పంటలకు ఐదు. మిగతా ప్రీమియం సర్కార్లు కడతాయి. పంట రుణం తీసుకున్నవాళ్లకు బ్యాంకులోనే కోస్తారు. అప్పు బయట తెచ్చుకునే కౌలుదారు తనే పోయి కట్టుకోవాలి, అందుకే కట్టరు. కొన్ని పంటలకు దిగుబడి చూసి ఇస్తారు, కొన్నింటికి వాన, ఎండ లెక్కలు చూసి ఇస్తారు. ఎక్కువ భాగం ఊరినో మండలాన్నో ఒక్క ముక్కగా చూస్తారు తప్ప మీ చేను ఒక్కదాన్నే చూడరు. అందుకని "నా చేను పోయింది, నాకెందుకు రాలేదు" అని సచివాలయం మీద పడి లాభం లేదు. కానీ కోసి ఆరబెట్టిన పంట పద్నాలుగు రోజుల లోపల అకాల వానకు తడిస్తే, ఆ రకం బీమా ఉన్న పంటకు, డెబ్బై రెండు గంటల్లో తెలియజేస్తే ఒక్కొక్కరి చేను చూస్తారు. నంబరు 14447. ఫోను గోడ మీద రాసిపెట్టుకోండి. పటాలు తీసి పెట్టుకోండి, పోయిన గేదెను పూడ్చకముందే పశువుల డాక్టరుకు చూపించండి.

ఇంకో చిన్న విషయం. ఏడాదికి ఇరవై రూపాయలతో ప్రమాద బీమా ఉంది, ప్రధానమంత్రి సురక్ష బీమా. పిడుగుపాటు, పాముకాటు చావులకూ రెండు లక్షలు వస్తాయి. బ్యాంకు ఖాతాలో ఇరవై రూపాయలు లేక ఇది ఆగిపోయినవాళ్లు మనలో ఉన్నారు. మిరప కోతకు పోయే మనిషికి ఇది లేకుండా ఉండకూడదు.

మరి సంఘం చేయాల్సింది ఏమిటి? 2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు అక్కడి కుటుంబశ్రీ ఆడవాళ్లు చేసింది చూడండి. మన సంఘాల వంటివే అవి. వాళ్లు ఇళ్లలో బురద ఎత్తిపోశారు, తమలో తాము పోగేసి ఏడు కోట్ల రూపాయలు ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చారు. మునిగిన ఇళ్ల సభ్యులు లక్ష రూపాయల దాకా వడ్డీ లేని అప్పు సర్కారు సాయంతో సంఘాల ద్వారానే తీసుకున్నారు. ఇచ్చిన చెయ్యీ అదే, తీసుకున్న చెయ్యీ అదే. వాళ్లకు పరువు పోలేదు.

మన దగ్గర తుఫాను తర్వాత జరిగేది వేరు. సర్కారు డబ్బు రావడానికి నెలలు పడుతుంది. ఈ లోపల కిస్తు తేదీ వస్తుంది. కిస్తు తప్పితే సున్నా వడ్డీ పోతుంది, సంఘానికి మచ్చ వస్తుంది. అందుకని పురుగుమందుల కొట్టు దగ్గరో, వడ్డీ వ్యాపారి దగ్గరో నూటికి మూడు రూపాయలకు తెచ్చి మన కిస్తు కడుతున్నారు. రికవరీ నూటికి నూరు అని మనం చప్పట్లు కొడుతున్నాం. ఆ నూరులో తాకట్టు పెట్టిన పుస్తెలు ఎన్ని ఉన్నాయో ఏ ఆడిట్‌లోనూ రాదు.

అందుకే ఈ తీర్మానం. ప్రతి సభ్యురాలు నెలకు పది రూపాయలు ఆపద నిధికి వేరుగా కట్టాలి, దాన్ని మామూలు అప్పులకు వాడకూడదు. ఆపద వచ్చిన వారంలో బియ్యానికి, టార్పాలిన్ పట్టాలకు, పిల్లల మందులకు గ్రామ సంఘమే నిర్ణయించి ఇస్తుంది. పోయిన పంటకు దాన్నుంచి ఇవ్వం, అది అంత పెద్దది కాదు, కాకూడదు కూడా. ప్రతి గ్రామ సంఘంలో ఇద్దరు ఈ-పంట, కౌలు కార్డు, బీమా పుస్తకం రాసి పెట్టాలి. నష్టం లెక్కకు అధికారులు వచ్చినప్పుడు ఆ ఇద్దరూ పక్కన ఉండాలి. జాబితా అతికించినప్పుడు చదివి వినిపించాలి.

మూడో అంశం మీద కార్యవర్గంలోనే ఒక మాట లేదు. సర్కారు మన మండలాన్ని నష్టపోయినట్టు ప్రకటిస్తే, సంఘం సొంత నిధి నుంచి ఇచ్చిన అంతర్గత అప్పుకు మూడు నెలలు కిస్తు, జరిమానా ఆపాలని కొందరం అంటున్నాం. బ్యాంకు అప్పు మన చేతిలో లేదు. పంట నష్టం 33 శాతం దాటిన చోట గడువు పెంచే వీలు రిజర్వు బ్యాంకు ఇచ్చింది కాబట్టి దానికి అర్జీ రాద్దాం. ఇంకొందరు, ఒకసారి ఆపితే పంచసూత్రాలు చెడతాయి, నిజంగా నష్టపోని వాళ్లూ ఆపేస్తారు అంటున్నారు. ఆ భయం ఊరికే అన్నది కాదు. దానికి మా జవాబు, ఎవరు ఆపాలో సంఘంలోని పదిమందే కూర్చుని తేల్చాలి, పై నుంచి అందరికీ ఒకే ఉత్తర్వు వద్దు అని. ఎవరి చేను మునిగిందో ఆ పదిమందికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

తీర్మానం ప్రతి మీ చేతికి ఇచ్చారు. మొదటి రెండు అంశాలకు చేతులెత్తడం భోజనాలకు ముందే అయిపోతుంది. మూడో దాని మీద, కిస్తు ఆపొద్దు అనే వాళ్లు ముందు మాట్లాడతారు. మైకు వాళ్లకివ్వండి.